బరువు చూసి కొన్న పవర్ సప్లై

2005 వేసవి. తిరుపతి రైల్వే స్టేషన్‌కు వెనకవైపు సందులో నాకొక చిన్న కంప్యూటర్ అంగడి ఉండేది. అమ్మేది నేనే, బిగించేది నేనే, చెడిపోతే తిట్లు తినేది కూడా నేనే. కొండకు పోయి జుట్టు ఇచ్చి ప్రశాంతంగా దిగివచ్చినవాళ్లు సందు మొదట్లో నడిచిపోతుంటే, సందు చివర నా ఎదుట కూర్చున్నవాళ్లు తమ జుట్టు తామే పీక్కుంటుండేవాళ్లు.

ఆ ఏడు ఎండలకు మనుషుల కంటే ముందు మిషన్లు సొమ్మసిల్లాయి. మధ్యాహ్నమైతే కరెంటు ఉన్నా వోల్టేజి ఉండేది కాదు. వోల్టేజి ఉన్న పొద్దున పూట నాకు ఓపిక ఉండేది కాదు. ఏ కేబినెట్ ముందు పెట్టినా మొదట నిట్టూర్చి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాచేవాణ్ని. నడుము నొప్పికి ఎవరో చెప్పిన తైలం రాసుకుని వచ్చేవాణ్ని కాబట్టి, లోపలికి అడుగు పెట్టినవాళ్లకు అది కంప్యూటర్ల అంగడో, ఆయుర్వేదం అంగడో ఒక పట్టాన తేలేది కాదు.

అలాంటి ఒక శనివారం పొద్దున, నేను షట్టర్ ఎత్తుతుండగానే మునిరత్నం వచ్చాడు. చిత్తూరు నుంచి మొదటి బస్సు పట్టుకున్నట్టున్నాడు. చంకలో దుప్పట్లో చుట్టిన కంప్యూటర్ కేబినెట్. జ్వరం వచ్చిన బిడ్డను ఆసుపత్రికి తెచ్చిన వాలకం.

మునిరత్నం అంతకుముందు చిత్తూరులో మామిడికాయల మండీలో పనిచేసేవాడు. గంపలోంచి ఒక కాయను తీసి అరచేతిలో ఆడిస్తే చాలు, దాని తూకం, పక్వం చెప్పేయగలడని పేరు. తర్వాత వీడియో కెమెరా కొని పెళ్లిళ్లు తీయడం మొదలుపెట్టాడు. తీసిన ముక్కల్ని కలిపి, పాటలు వేసి, సీడీగా తయారు చేసే పనిని మిక్సింగ్ అంటారు. దానికి మామూలు కంప్యూటర్ చాలదు. అందుకని ఆ ముందరి చలికాలంలో నేనతనికి ఒక గట్టి మిషన్ బిగించి ఇచ్చాను. అప్పటికి దొరికే వేగమైన ప్రాసెసర్, విడిగా గ్రాఫిక్స్ కార్డు, రెండు హార్డ్ డిస్కులు, వీడియో పని కోసమే చేసిన ఒక ఎడిటింగ్ కార్డు. ఇవన్నీ నా మాట మీద తీసుకున్నాడు. ఒక్క పవర్ సప్లై మాత్రం తన చేతి మీద తీసుకున్నాడు.

పవర్ సప్లై అంటే గోడలోంచి వచ్చే కరెంటును మిషన్‌కు సరిపడే చిన్న చిన్న వోల్టేజీలుగా మార్చి, లోపలి భాగాలన్నిటికీ పంచే ఇనుప డబ్బా. మా వాడుకలో ఎస్ఎంపీఎస్. మంచిదాంట్లో రాగి తీగ చుట్టలు, వేడిని లాగే అల్యూమినియం దిమ్మెలు దండిగా ఉంటాయి కాబట్టి బరువుగా ఉంటుంది. నాసిరకం తేలిగ్గా ఉంటుంది. ఈ సంగతి మా వ్యాపారంలో అందరికీ తెలుసు. కొనేవాళ్ల చేతికిచ్చి "ఎత్తి చూడండి" అనడం మాకు అలవాటు. ఇక మునిరత్నాన్ని ఎత్తి చూడమంటే చెప్పాలా! నా దగ్గరున్నవన్నీ ఒక్కొక్కటే అరచేతిలో ఆడించి, చివరికి ఒకదాన్ని గుండెలకు హత్తుకున్నాడు.

"ఇదప్పా సరుకంటే! సూడు, తోతాపురి మాదిరి ఎంత గట్టిగా ఉండాదో."

దాని మీద ఐదువందల వాట్లని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేనూ ఎత్తి చూశాను. బరువుగానే ఉంది. బరువున్నచోట పరువు కూడా ఉంటుందని ఇద్దరమూ అనుకున్నాం. పవరు ఉందో లేదో ఎవరమూ అడగలేదు.

ఇప్పుడు ఆ మిషన్నే దుప్పటి విప్పి నా బల్ల మీద పెట్టాడు.

"ఏమైందన్నా?" అన్నాను, నిట్టూర్పు అయిపోయాక.

"పెళ్లి జరగనీలేదప్పా ఇది. గౌరీపూజ బాగుంటాది, జీలకర్ర బెల్లం బాగుంటాది. తాళి కట్టే కాడికి వస్తానే టప్పుమని ఆరిపోయి, మళ్లా మొదట్నించి వస్తాది. నిన్నంతా ఇదే పని. ఎన్ని తూర్లు వేసినా తాళి కాడే."

"ఎవరికైనా చూపించినారా?"

"చూపించకేం! ఒకడు వైరస్ అన్నాడు, అంతా చెరిపేసి కొత్తగా ఎక్కిస్తానన్నాడు. దండం పెట్టి పంపించేసినా. ఇంకొకడు తూర్పు ముఖంగా పెట్టమన్నాడు. పెట్టినా."

"పెడితే?"

"తూర్పు ముఖంగా ఆరిపోయింది."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. అప్పుడు గమనించాను, అతని కళ్లు నా కళ్లకన్నా ఎక్కువ అలిసిపోయి ఉన్నాయి.

"టేపులు ఉండాయి కదా, తొందరేముంది? నెమ్మదిగా చూద్దాం," అన్నాను.

"టేపుల్లో ఇప్పుడు ఇంకో పెళ్లి ఉండాది."

పెళ్లిళ్ల సీజన్లో అది అందరూ చేసే పనే. టేపులో ఉన్నది కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, అదే టేపు మీద తర్వాతి పెళ్లి తీస్తారు. అంటే ఆ తాళి కట్టడం అనేది ఇప్పుడు ప్రపంచం మొత్తంలో ఒకే ఒక్కచోట, నా బల్ల మీదున్న ఆ డబ్బాలోని హార్డ్ డిస్కులో మాత్రమే ఉంది.

పెళ్లి పూతలపట్టు దగ్గర చెంగల్రాయుడి బిడ్డది. చెంగల్రాయుడు మామిడి తోట రైతు. మునిరత్నం మండీలో ఉన్నప్పటి నుంచి ఎరుక. ముహూర్తం పెట్టుకున్నాక ఆయనకు గుండెనొప్పి వచ్చి రాయవేలూరు ఆసుపత్రిలో పడుకోవాల్సి వచ్చింది. పెళ్లి ఆపొద్దని మంచం మీది నుంచే చెప్పాడట. తమ్ముడు పీటల మీద కూర్చుని కాళ్లు కడిగాడు. ఒక్కతే బిడ్డ. ఆమె పెళ్లి ఆయన చూడలేదు. కాస్త తేరుకున్నాక ఆసుపత్రి దగ్గరే లాడ్జిలో ఉంటున్నాడు. సోమవారం గుండె ఆపరేషన్. ఆదివారం సాయంత్రానికి ఆసుపత్రిలో చేరాలి.

"నిన్న మొన్న ఫోన్ చేసినాడప్పా," అన్నాడు మునిరత్నం. "ఆదివారం సాయంత్రం నన్ను లోపలికి తీసకపోతారు మునిరత్నం, అంతలోపల బిడ్డ పెళ్లి నాకు చూపించు అన్నాడు. లోపలికి పోయినోడు బయటికి వస్తాడో రాడో అని ఆయన అన్లేదు. నాకే ఇనపడింది."

స్టూలు దగ్గరికి జరుపుకుని మెల్లగా అడిగాడు. "నీకు తెలిసి సెప్పు. తాళి కాడే ఎందుకు ఆగతాది? ఇది ఏదన్నా శకునమా?"

నా అనుభవంలో కంప్యూటర్‌కు శకునాలు తెలియవు. కానీ తాళి కాడే ఎందుకనే ప్రశ్న మాత్రం మంచి ప్రశ్న. యంత్రం ఎప్పుడంటే అప్పుడు ఆరిపోతే వెతకడం కష్టం. ఒకేచోట ఆరిపోతోందంటే అది మనకు ఏదో చెబుతోందన్నమాట.

"తాళి కట్టే కాడ ఏం పెట్టినారన్నా?"

"ఏముంది, అందరికీ పెట్టేదే. పైనుంచి పూలు రాలతాయి. పక్కన దీపాలు తిరగతాయి. మధ్యలో గుండె బొమ్మ, దాంట్లో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ. వెనక మబ్బులు."

"మబ్బులు కూడానా?"

"మబ్బులు లేకుంటే ఎట్లప్పా!"

నాకు సగం అర్థమైంది. మిగతా సగం కోసం మల్టీమీటర్ తీశాను. అయితే అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. హార్డ్ డిస్క్ ఊడదీసి నా మిషన్‌కు తగిలించి, పెళ్లి మొత్తాన్ని కాపీ చేసి పెట్టాను. మిక్సింగ్ మాత్రం నా మిషన్‌లో కుదరదు. ఆ సాఫ్ట్‌వేర్ అతని ఎడిటింగ్ కార్డు లేకుండా నడవదు, ఆ కార్డును భరించే సత్తువ నా ముసలి మిషన్‌కు లేదు. కాపీ అయ్యేసరికి ఎండ సందులోకి వచ్చేసింది. మునిరత్నం స్టూలు మీద కూర్చుని, ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు, గోడను చూస్తున్నాడు.

తర్వాత డిస్కును మళ్లీ బిగించి అతని మిషన్ ఆన్ చేశాను. మీటర్ తీగలు పవర్ సప్లై నుంచి వచ్చే పన్నెండు వోల్టుల లైన్ మీద పెట్టాను. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, డిస్కులను తిప్పే మోటార్లు, ఎక్కువ తిండి తినేవాళ్లంతా ఆ లైన్ మీదే బతుకుతారు. మీటర్‌లో ఇంచుమించు పన్నెండు. ఏ దోషమూ లేదు. అత్తగారింటికి కొత్తగా వచ్చిన అల్లుడిలా ఉంది యవ్వారం.

"బాగానే ఉండాదే!" అన్నాడు మునిరత్నం, ఆశగా కాదు, అనుమానంగా.

"ఇప్పుడెవరూ పంక్తిలో కూర్చోలేదన్నా. కూర్చోబెట్టి చూద్దాం."

మా వైపు హోటల్లో వడ్డించే మనిషిని సప్లయర్ అంటారు. పెళ్లిలో వడ్డనను కూడా సప్లై అనే అంటారు. పవర్ సప్లై చేసేదీ అదే. ఇద్దరు ముగ్గురు తింటున్నప్పుడు ఏ సప్లయరైనా నవ్వుతూనే వడ్డిస్తాడు. పంక్తి నిండా కూర్చుని అందరూ ఒక్కసారే సాంబారు అడిగినప్పుడు తెలుస్తుంది అతని సంగతి.

మిక్సింగ్‌లో చివరి ఘట్టాన్ని రెండరింగ్ అంటారు. అంటే మనం పేర్చిన బొమ్మలు, పూలు, పాటలు అన్నిటినీ కలిపి మిషన్ ఒకే వీడియోగా వండడం. రెండు రింగులు మార్చుకునే పెళ్లి తంతుకు ఆ పేరు పెట్టారేమో అని మొదట్లో నేను కూడా అనుకున్నాను. రెండరింగ్ మొదలుపెట్టి, మీటర్ వైపు చూస్తూ కూర్చున్నాం. గౌరీపూజ అయింది. జీలకర్ర బెల్లం అయింది. మీటర్ అంకె మెల్లగా దిగుతోంది. తాళి వచ్చింది. పూలు, దీపాలు, గుండె, మబ్బులు. ప్రాసెసర్ ఒకపక్క, గ్రాఫిక్స్ కార్డు ఒకపక్క, చదివే డిస్కు, రాసే డిస్కు, అందరూ ఒక్కసారే విస్తళ్లు పరిచారు. అంకె పదకొండు కిందికి జారింది. టప్పుమంది.

మునిరత్నం కళ్లు మూసుకున్నాడు.

"శకునం కాదన్నా," అన్నాను. "సప్లై. చలికాలం ఎట్లనో నెట్టుకొచ్చినాడు, ఈ ఎండలకు వడ్డించలేక గిన్నె కింద పడేసినాడు."

"పూలు తీసేస్తే?"

"తీసేస్తే దాటొచ్చు. కానీ ఇంత నీరసంగా వడ్డించేవాడు ఎప్పుడు ఏ డిస్కు మీద పడతాడో చెప్పలేం. పైగా..."

"వద్దులే," అన్నాడు అతనే. "తాళి కట్టే కాడ పూలు రాలకుంటే అది పెళ్లా, రిజిస్టరాఫీసా?"

పవర్ సప్లైని బయటికి లాగాను. అలవాటు చొప్పున మునిరత్నం చేతిలోకి తీసుకుని ఆడించాడు.

"బరువు తగ్గలేదే!"

బరువు ఎందుకు తగ్గుతుంది? తీగ పీకి, లోపల దాచుకున్న కరెంటు దిగేదాకా ఆగి, నాలుగు స్క్రూలు విప్పి మూత తీశాను. కరెంటు దిగకుండా మూత లోపల వేలు పెట్టకూడదు. ఆ పాఠం నా వేలికి అంతకుముందే వచ్చింది. లోపల రాగి చుట్ట నిమ్మకాయంత కూడా లేదు. అల్యూమినియం రేకులు అప్పడాల్లా పలచగా ఉన్నాయి. కరెంటు ఒడిదుడుకుల్ని అణిచిపెట్టే భాగాలుండాల్సిన చోట ఉత్త చిల్లులు ఉన్నాయి. డబ్బా అడుగున మాత్రం, ఏ తీగకూ తగలకుండా, గట్టిగా అతికించిన ఒక ఇనుప దిమ్మె ఉంది. దానికి ఏ పనీ లేదు. ఎత్తి చూసేవాడి చేతికి బరువు తగలడమే దాని ఉద్యోగం.

ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తలకెక్కినట్టుంది. బరువు చూసి కొంటారని మా అందరికీ తెలుసు. దాన్ని చేసినవాడికి కూడా తెలుసు.

మునిరత్నం చాలాసేపు దాన్నే చూశాడు.

"గంప అడుగున రాయి పెట్టినాడు కదప్పా," అన్నాడు చివరికి. "మండీలో ఇట్లాంటివి నేను ఎన్ని పట్టుకోలేదు! పైన నాలుగు మంచి కాయలు, అడుగున రాయి. గంప కుమ్మరించందే కాటా ఎక్కనిచ్చేవాణ్ని కాదు. ఈడికి వచ్చి గంప కుమ్మరించకుండా కొన్నా సూడు."

"నేను కుమ్మరించకుండా అమ్మినా," అన్నాను. "ఇద్దరిదీ ఒకే గంప."

అప్పుడు నవ్వాడు, ఆ రోజుకు మొదటిసారి.

ఆ పైన రాసున్న ఐదువందల వాట్ల సంగతి కూడా చెప్పాను. అది అబద్ధమని గట్టిగా అనలేం. ఒక్క క్షణం ఎగిరి అందుకున్న ఎత్తును తన ఎత్తుగా రాసుకున్నాడు, అంతే. ఎగిరినవాడు కిందికి దిగాలి కదా. మనకు కావాల్సింది ఎగరడం కాదు, రోజంతా నిలబడటం.

మంచి పవర్ సప్లై తిరుపతిలో ఆ రోజు దొరికేది కాదు. మద్రాసు నుంచి తెప్పించాలి, సోమవారం దాటుతుంది. అయితే బాగుచేసే ప్రతివాడి దగ్గరా, ఎవరికీ అమ్మని ఎస్ఎంపీఎస్ ఒకటి ఉంటుంది. ఏ మిషన్ వచ్చినా, తప్పు కరెంటుదా, లోపలి భాగాలదా అని తేల్చడానికి మొదట దాన్నే తగిలించి చూస్తాం. నాది మద్రాసులో విప్పి చూసి మరీ కొన్నది. నా అంగడిలో నాకంటే నమ్మకమైన వస్తువు అదే. అది ఇచ్చేస్తే మళ్లీ ఇంకొకటి వచ్చేదాకా నేను వచ్చినవాళ్లకు నిట్టూర్పులు తప్ప ఏమీ ఇవ్వలేను. ఇచ్చేశాను. నిజం చెప్పాలంటే, ఆ వంకన రెండు రోజులు నడుము వాల్చొచ్చునన్న ఆలోచన కూడా కొంచెం పనిచేసింది.

బిగించి, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాం. మధ్యాహ్నం ఎండ రేకుల మీద పేలుతోంది. ఫ్యాన్ మిషన్ వైపు తిప్పి, మేమిద్దరం చెమటలో నానుతూ కూర్చున్నాం. గౌరీపూజ. జీలకర్ర బెల్లం. మీటర్ అంకె కొంచెం వంగింది, మళ్లీ నిలబడింది. తాళి. పూలు రాలడం మొదలైంది. మునిరత్నం నా భుజం పట్టుకున్నాడు. పూలు రాలుతూనే ఉన్నాయి. దీపాలు తిరిగాయి, గుండె వచ్చింది, మబ్బులు కూడా వచ్చాయి. తాళి కట్టడం అయిపోయి తలంబ్రాలు మొదలయ్యేదాకా ఆ చెయ్యి నా భుజం మీద నుంచి దిగలేదు. పెళ్లిళ్లు ఎన్నో చూశాను గానీ, మాంగల్యధారణకు అంత ఊపిరి బిగబట్టింది అదొక్కసారే.

కరెంటు ఆ రోజు పోలేదు. ఎందుకు పోలేదో నాకిప్పటికీ తెలియదు. తీయడం మరిచిపోయి ఉంటారు.

సీడీ చేతికొచ్చాక మునిరత్నం దాన్ని చొక్కా లోపల పెట్టుకుని, కేబినెట్ నా దగ్గరే వదిలేసి బస్టాండుకు పరుగు తీశాడు. నేను షట్టర్ దించుకుని ఇంటికి పోయి పడుకున్నాను.

మళ్లీ అతను కనిపించింది తర్వాతి వారం మధ్యలో, కేబినెట్ కోసం. నా నమ్మకమైన ఎస్ఎంపీఎస్ దాంట్లోనే ఉంచి ఇచ్చేద్దామని అప్పటికే అనుకున్నాను. ఊడదీసి మళ్లీ బిగించే ఓపిక లేదు.

"ఇంగ మీద మంచిదేదో ఎట్ల కనుక్కునేదప్పా?" అని అడిగాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. పైన రాసిన వాట్లు కాదు, పన్నెండు వోల్టుల లైన్ మీద ఎన్ని ఆంపియర్లు ఆగకుండా ఇస్తుందో చూడాలి, అంటే ఆ లైన్లో ఎంత కరెంటు నికరంగా పారుతుందో చూడాలి. లోపలి భాగాలు ఎంత వేడికి తట్టుకుంటాయో చూడాలి...

"ఉండు," అన్నాడు మునిరత్నం. "లాడ్జిలో ఏమైందో చెప్పనీ ముందర."

ఆదివారం పొద్దున లాడ్జి గదిలో టీవీకి, అద్దెకు తెచ్చిన సీడీ ప్లేయర్ తగిలించాడట. చెంగల్రాయుడు మంచం మీద దిండుకు ఆనుకుని, పక్కన భార్య, కాళ్ల దగ్గర బిడ్డ, అల్లుడు. తాళి కట్టేది వచ్చింది. మునిరత్నం ఊపిరి బిగబట్టాడు. మిషన్ కోసం కాదు ఈసారి, మెప్పు కోసం.

"ఆయన ఏమన్నాడు తెల్సునా? ‘ఈ పూలు యాడివిరా? పందిరికి బొక్క పడిందా?’ అన్నాడు."

"అంతేనా?"

"అంతే! మబ్బులు చూసి ‘వానొచ్చేటట్ల ఉండాదే’ అన్నాడు. నా పానం పోయింది."

తర్వాత భోజనాల ఘట్టం వచ్చింది. అదెవరూ చూడరు కాబట్టి మునిరత్నం పొట్టిగా కత్తిరించి పెట్టాడు. అప్పటిదాకా ఆనుకుని ఉన్న చెంగల్రాయుడు లేచి కూర్చున్నాడట.

"‘వెనక్కి తిప్పు’ అన్నాడు. తిప్పినా. మళ్లా తిప్పమన్నాడు. టీవీ దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించినాడు. ‘కడ పంతిలో ఈ ముసలాయనకు పప్పు రాలేదు. ఆకులో వట్టి అన్నమే ఉండాది. ఆ పక్క సప్లై ఎవురు చూసినారు?’ అన్నాడు. బిడ్డే, ఒకపక్క నగతా ఒకపక్క ఏడస్తా, ‘వచ్చింది నాయనా, నేనే చూసినా, ఆయన రెండుతూర్లు వేయించుకున్నాడు, ఈ వీడియో అన్నే కట్ చేసేసినాడు’ అనింది."

"మీరేమన్నారు?"

"అవును సామీ, నేనే కట్ చేసినా అన్నా. కొంచేపు నన్నే చూసినాడు. ‘కడ పంతి దాకా అందింది కదా?’ అన్నాడు. అందింది నాయనా అనింది బిడ్డ. ‘అట్లయితే పెళ్లి బాగానే జరిగింది’ అని, టీవీ ఆపేయమని, చొక్కా తొడుక్కున్నాడు. సాయంత్రం దాకా కూడా ఉండలేదు. ఇంగ పోదాం పదండి అన్నాడు."

నేను అడగడానికి భయపడుతున్న ప్రశ్నకు అతనే జవాబు చెప్పాడు. "ఆపరేషన్ అయింది. నిన్న కండ్లు తెరిచినాడంట. తెరిచినోడు వార్డులో పక్క మంచమాయనకు కాఫీ వచ్చిందా అని అడిగినాడంట."

తర్వాత మునిరత్నం కేబినెట్ దుప్పట్లో చుట్టుకుంటూ, "ఏందో సెప్తా ఉంటివి, ఆంపియర్లని?" అన్నాడు.

"ఏమీ లేదన్నా. మీకు చెప్పాల్సింది చెంగల్రాయుడే చెప్పేసినాడు."

ఆ ఇనుప దిమ్మె చాలా ఏళ్లు నా బల్ల మీదే ఉంది, కాగితాలు ఎగిరిపోకుండా. చేసినవాడు దానికి ఇవ్వని నిజాయితీ గల పని నేనిచ్చానని తృప్తి. కొనేవాళ్లు ఇప్పటికీ పవర్ సప్లైని చేతిలో ఆడించి చూస్తారు. వద్దనే ఓపిక నాకు లేదు. ఆడించనిచ్చి, మీ మిషన్లో ఒక్కసారే ఎంతమంది భోజనానికి కూర్చుంటారని అడుగుతాను. వాళ్లు నన్ను వింతగా చూస్తారు. ప్రాసెసర్, కార్డులు, డిస్కులు అని వాళ్లు చెప్పుకుంటూ పోతే, నేను కడ పంక్తిలో కూర్చునే చిన్న ఫ్యాన్ దాకా లెక్క కట్టి, పైన ఇంకో నలుగురు అనుకోని చుట్టాలను కలుపుకుని, ఆ వడ్డన చేయగలిగినదాన్ని మూత విప్పి చూపించి ఇస్తాను.

మూత విప్పితే గ్యారంటీ పోతుందని దాని మీద రాసే ఉంటుంది. పోనిస్తాను.